ఆరో రోజు: 110 అనుకుంటే 64 దగ్గరే ఆగిపోయాను. తప్పు కాళ్లదా, మనసుదా?

మెల్లగా_పోదాం:

ఒక్కదాన్నే సైకిల్ మీద 18 రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. మొదటి ఐదు రోజులు రోజుకి 90, 100 కిలోమీటర్ల చొప్పున బాగానే లాగించాను. ఇవాళ చతికిలబడ్డాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

బయలుదేరేసరికే తొమ్మిదిన్నర (ఉతికిన బట్టలు ఆరలేదు, అదో కథ). పదిన్నరకల్లా ఎదురుగాలి. రోడ్డు చదునే, కానీ మీటర్‌లో 11, 12 దాటదు. ఎత్తు ఎక్కుతుంటే పైన దిగుడు ఉంటుందన్న ఆశైనా ఉంటుంది. గాలితో అదీ లేదు. ఐదు గంటలు హ్యాండిల్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకుని, వంగి, తిట్టుకుంటూ తొక్కాను.

రెండు దాటాక 48వ కిలోమీటరు దగ్గర అనుకుంటా, ఇంకా ఎంత ఉందో చూద్దామంటే 110లోంచి 48 తీసేయడం రావట్లేదు. 72 అంటాను, కాదు 52 అంటాను. కల్వర్టు గోడ మీద కూర్చుని ఊరికే ఏడ్చాను. సంచిలో తిండి ఉంది, ముట్టబుద్ధి కాలేదు. చివరి మూడు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా సిగ్గేసింది.

ఇంకో రెండు. కుడి మోకాలి చిప్ప కింద మూడో రోజు నుంచి సలుపు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. ముందే ఫిట్టింగ్ (సీటు, హ్యాండిల్ నా ఒంటికి సరిపోయేలా సర్దించడం) చేయించాను కాబట్టి సైకిల్ తప్పు కాదనే అనుకుంటున్నాను. రేపు మిగిలిన 46 కూడా కలిపి కొట్టేయాలా, ఒక రోజు ఆగాలా? లేక ఒంటరి ప్రయాణం నాకు పడదా?

గాలిమర:

తీసివేత రాకపోవడం మనసు బలహీనత కాదండీ, తిండి లేకపోవడం. కండరాల్లో, కాలేయంలో మనం గ్లైకోజెన్‌గా దాచుకునేది 400, 500 గ్రాములే. గట్టిగా తొక్కితే రెండు గంటలకి అటూ ఇటూగా అడుగంటుతుంది. రక్తంలో చక్కెర పడిపోతే మొదట తెలిసేది తలకే. చిరాకు, ఏడుపు, లెక్క తప్పడం, తిండి మీద విముఖత. దీన్నే సైక్లిస్టులు బాంక్ అంటారు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం, అలారం పెట్టుకుని తినండి.

గాలి లెక్క కూడా చూడండి. మీరు గంటకి 15 వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి కూడా 15 ఉందనుకోండి. మీ ఒంటికి తగిలేది 30. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే నాలుగింతలు. అలాంటి రోజున కిలోమీటర్లు లెక్క పెట్టకూడదు, గంటలు పెట్టాలి. ఆ 46 బాకీ ఏమీ కాదు, వదిలేయండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు తొమ్మిదిన్నరకి బయలుదేరడం. ఎండకి నేల వేడెక్కితే గాలి కిందా మీదా కలిసి, పైనున్న జోరు కిందికి దిగుతుంది. అందుకే చాలాచోట్ల తెల్లవారుజామున ప్రశాంతంగా ఉండి మధ్యాహ్నానికి విజృంభిస్తుంది. తడి బట్టలు క్యారియర్ మీద కట్టుకున్నా ఆరతాయి!

పాతచైను:

పైవారు చెప్పింది నిజమే, కానీ మోకాలు మూడో రోజే మొదలైంది, గాలి ఆరో రోజు వచ్చింది. ఫిట్టింగ్ చేయించిన రోజున సరిగ్గా ఉండొచ్చు, ఇప్పుడు ఉందా? మోకాలి ముందు భాగం నొప్పి అంటే ముందు సీటు కిందికి జారిందేమో చూస్తాను. సీటు గొట్టం మీద ఏమైనా గుర్తు ఉందా? లేకపోతే గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కండి. కాలు నిటారుగా రావాలి. మోకాలు మడత పడితే సీటు తక్కువ.

చేతికి వేరే కారణం. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లు ముందుకి జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన, ఉంగరం వేళ్లకి వెళ్లే అల్నార్ నరం మణికట్టు దగ్గర నలుగుతుంది. ఫోన్‌లో లెవెల్ పెట్టి చూడండి. పట్టు కూడా తగ్గినా, తిమ్మిరి కొన్ని రోజులు ఉండిపోయినా డాక్టర్‌కి చూపించాలి.

మెల్లగా_పోదాం:

టార్చ్ వేసుకుని చూశాను. ఫిట్టింగ్ రోజు గొట్టం మీద తెల్ల మార్కర్‌తో గీత గీసి ఇచ్చారు. అది కనబడట్లేదు. చెరిగిపోయిందనుకుని, బిగింపు వదులు చేసి పైకి లాగితే బయటికొచ్చింది! వేలెడు లోపలికి పోయి ఉంది. గొట్టమంతా గ్రీజు, దాని మీద సన్నటి ఇసుక. రోజుకి కొంచెం కొంచెం దిగినట్టుంది, అందుకే తెలియలేదు. తుడిచి బిగించాను.

ముక్కు మాత్రం లెవెల్‌గానే ఉంది. అంటే చేయి నా పీక పట్టు పుణ్యమే. పట్టు బాగానే ఉంది, సీసా మూత తిప్పి చూసుకున్నాను.

పాతచైను:

మొత్తం తుడిచేశారా? మీది లోహపు గొట్టమైతే పల్చగా గ్రీజు ఉండాలి, లేకపోతే లోపలే పట్టేసుకుంటుంది. గీత దగ్గర ఇన్సులేషన్ టేప్ ఒక చుట్టు చుట్టండి, దిగితే వెంటనే తెలుస్తుంది. చేతులు పది నిమిషాలకోసారి చోటు మార్చండి. సలుపు తగ్గకపోతే రేపు ఆగిపోండి, మొండికెయ్యకండి.

అవునూ, నడిచినందుకు సిగ్గెందుకండీ? 1884లో థామస్ స్టీవెన్స్ ఎత్తు చక్రం సైకిల్ మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ప్రపంచమంతా చుట్టాడు. అమెరికా దాటేటప్పుడు చాలా దూరం తోసుకుంటూ నడిచినవాడే.

మెల్లగా_పోదాం:

పల్చగా పూసి టేప్ చుట్టాను. అలారం 4:40కి. రేపు ఐదు గంటలు తొక్కుతాను, అప్పటికి ఎక్కడుంటే అక్కడే. బట్టలు ఈసారి సాయంత్రమే ఉతికాను. ఇప్పుడే ముట్టుకుని చూశాను, ఇంకా తడే.