ట్యూనా కోసం లాంగ్‌లైన్ బోట్లు పెంచాలా?

కెరటం:
2025 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో లోతు నీటి వేటకు మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇచ్చారు. విశాఖ ట్రాలర్లను లాంగ్‌లైన్‌కు, అంటే పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి పట్టే పద్ధతికి, మార్చుకోవాలనే నేనంటాను. ట్రాల్ వల అడుగంతా ఊడ్చేస్తుంది, పిల్ల చేపలు కూడా మిగలవు. గాలానికి పడే ఎల్లోఫిన్ ట్యూనా చాలా వరకు ఎదిగినదే. అనకాపల్లి జిల్లా పూడిమడక వాళ్లు చేతిగాలంతో సూరలు (ట్యూనా) పట్టడం లేదా? అదే పని పెద్ద ఎత్తున చేస్తే తప్పేంటి?

రేవుగట్టు:
కెరటం గారూ, రెండింటికీ పోలిక లేదండీ. చేతిగాలం వేసినవాడికి ఏం పడిందో అప్పుడే తెలుస్తుంది, అక్కర్లేనిదాన్ని బతికుండగానే వదిలేస్తాడు. పెద్ద లాంగ్‌లైనర్ పదుల కిలోమీటర్ల తాడుకు రెండు మూడు వేల గాలాలు కట్టి గంటల తరబడి నీళ్లలో వదులుతుంది. సొర, కొమ్ముకోనెం, తాబేలు, ఏది ఎర మింగినా తాడు లాగేదాకా తెలియదు. తాబేలు ఊపిరికి పైకి రాలేక అక్కడే చచ్చిపోవచ్చు. గుండ్రటి గాలాలు వాడి, స్క్విడ్ బదులు చేప ఎర కడితే ఆ నష్టం తగ్గుతుంది. ఆ షరతు లేకుండా బోట్లు పెంచమంటే ఒప్పుకోను.

పైగా హిందూ మహాసముద్రంలో ఎల్లోఫిన్‌ను మితిమీరి పట్టేశారని ఇండియన్ ఓషన్ ట్యూనా కమిషన్ శాస్త్రవేత్తలు 2015లోనే తేల్చారు. పట్టే చేపలో కోతలు పెట్టాలని 2016లో కమిషన్ నిర్ణయించింది. 2021లో వాటిని బిగిస్తే అభ్యంతరం చెప్పిన దేశాల్లో మనదీ ఉంది.

నీలిగీత:
ఆ పాపం గాలానిది కాదు కదండీ. తేలే తెప్పలు వదిలి, వాటి కింద చేరిన పిల్ల ట్యూనాలను పర్స్ సీన్ వలతో చుట్టేసే ఓడలను అడగండి. 2023లో మొంబాసాలో ఆ తెప్పలపై 72 రోజుల నిషేధం ఓటింగులో నెగ్గింది. ఐరోపా సమాఖ్యతో పాటు మరికొన్ని దేశాలు అభ్యంతరం చెప్పడంతో అమలు కాలేదు. పైగా 2024 అంచనాలో ఎల్లోఫిన్ నిల్వ కోలుకుందని తేలింది. ఇప్పుడు మనవాళ్లను ఆపడం న్యాయమా?

రేవుగట్టు:
తెప్పల సంగతి ఒప్పుకుంటాను, అక్కడ జరిగింది అన్యాయమే. కోలుకుందన్న మాట విని అందరూ ఒకేసారి బోట్లు దించితే మాత్రం మళ్లీ 2015 దగ్గరికే వెళతాం. 24 మీటర్లు దాటిన ఓడల వేటలో కనీసం 5 శాతానికి పరిశీలకులు ఉండాలని కమిషన్ నియమం. మన మార్పిడి బోట్లు అంతకంటే చిన్నవి, వేట మన ప్రత్యేక ఆర్థిక మండలి (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉన్న సముద్రం)లోనే. అంటే ఆ నియమం ప్రకారం వాటి మీద పరిశీలకుడు ఉండాల్సిన పనే లేదు. ఎన్ని తాబేళ్లు, ఎన్ని సొరలు పోయాయో ఎవరు రాస్తారు? కొత్త నిబంధనల కింద వేటకు ఇచ్చే అనుమతి, అదే యాక్సెస్ పాస్, ఇచ్చేటప్పుడే తాడు లాగే చోట కెమెరా ఉండాలని రాయాలి, ఆ ఖర్చు సర్కారు భరించాలి. సహకార సంఘం నెత్తిన వేస్తే ఒక్క బోటుకూ కెమెరా రాదు.

కెరటం:
కెమెరాకు నాకూ అభ్యంతరం లేదు. గుండ్రటి గాలాలకూ లేదు. అయితే దాన్ని సాకుగా చూపి పాసులు ఆపకూడదు.