అప్పిచ్చువాడు: లెండ్ అనాలా, లోన్ అనాలా?

తిరుపతి నుంచి:
మా అమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. నిన్న "బ్యాంక్ బారోస్ మనీ టు ఫార్మర్స్" అని రాసింది. బారో కాదమ్మా, లెండ్ అన్నాను. "రెండూ అప్పే కదా నాన్నా" అంది. అప్పట్నుంచి సుమతీ శతకంలోని "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యం నోట్లో నానుతోంది. మూడో పాదం "చొప్పడిన యూర"నా, "జొప్పడిన యూర"నా? ఆ అప్పిచ్చు అన్నదానికి ఇంగ్లీషులో లెండా, లోనా?

చిత్తూరు నుంచి:
జొప్పడిన. పైపాదం "ద్విజుడున్" అని ద్రుతంతో, అంటే నకారపు పొల్లుతో, ఆగింది, చకారం జకారం కావాల్సిందే. క్రియ లెండ్. లోన్‌ను క్రియగా వాడేది ఎక్కువగా అమెరికావాళ్లు.

పుత్తూరు నుంచి:
బడిలో "చొప్పడిన" అనే వల్లె వేశామన్నా. పాదం చివర ఊపిరి తీసుకున్నాక సరళాదేశం (చ, జ కావడం) చెవికి ఆనదు. నాకు పట్టుకున్న మాట "అప్పు". మనవైపు వడ్డీ లేకుండా నాలుగు రోజులకిచ్చేది బదులు. "ఐదువందలు బదులియ్యి, శుక్రవారం ఇచ్చేస్తా" అంటాం. శతకం రాసిన బద్దెన మనసులో ఉన్నది చేబదులిచ్చే పొరుగువాడే. ప్రాస కోసం అప్పు పడింది.

చిత్తూరు నుంచి:
ఒప్పుకోను. "బదులిచ్చువాడు వైద్యుడు" అని చూడండి. గగం (రెండు గురువులు) పోయి సగణం (రెండు లఘువులు, ఒక గురువు) వస్తుంది, రెండూ నాలుగు మాత్రలే, గణాలు చెడవు. తక్కిన మూడు పాదాలూ లఘువుతో ఎత్తుకుని దకార ప్రాస వేస్తే సరి. కంద పద్యం ఆయనకు కొట్టిన పిండి. వైద్యుడి పక్కన నిలబెట్టాడంటే అప్పివ్వడమే వృత్తిగా ఉన్నవాడు.

శ్రీకాళహస్తి నుంచి:
అమ్మాయి వాక్యంలో "టు" ఉంది కాబట్టి లెండ్. "ఫ్రమ్" అయితే బారో. బ్యాంకు కూడా బారో చేస్తుంది, మన దగ్గరే! మనం ఖాతాలో వేసిన డబ్బు బ్యాంకు మనకు పడ్డ బాకీ. డిపాజిట్ చేసేది మనం, క్రెడిట్ చేసేది బ్యాంకు. "నా ఖాతాలో పదివేలు క్రెడిట్ చేశాను సార్" అని కౌంటర్ దగ్గర రోజూ వినేవాణ్ని. క్రెడిట్‌కు లాటిన్ మూలం నమ్మడం. సహకార పరపతి సంఘంలో "పరపతి" అందుకే నాకు ఇష్టమైన అనువాదం.

పుత్తూరు నుంచి:
మరి మన వడ్డికాసులవాడు? పెళ్లికి కుబేరుడి దగ్గర స్వామి అప్పు "చేశాడు" అంటాం, "తీసుకున్నాడు" అనం. ఆ చేయడం బారోలో ఎక్కడుంది? అన్నమయ్య ఎక్కడైనా "బదులు" ఈ అర్థంలో వాడాడా?

తిరుపతి నుంచి:
సంకీర్తనల సంపుటాలు ఇంట్లో ఉన్నాయి. రాత్రికి మొదటిది తీస్తాను. చొప్పడినా, జొప్పడినా ఇంకెవరైనా చెప్పండి.