'రసాయన శుద్ధి' అన్న మాట ఇక్కడ సరిపోతుందా?

ప్రశ్న: కర్బన నానో నాళికలను (కంటికి కనిపించనంత సన్నని కర్బనపు గొట్టాలను) కలిపి సిమెంటును దృఢపరచడం గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కలపడానికి ముందు ఆ నాళికలను ఆమ్లాలలో ఉంచుతారు. దానిని 'రసాయన శుద్ధి' అని రాస్తే, శుద్ధి అంటే మలినాన్ని తొలగించడమే కదా అని మిత్రులొకరు అభ్యంతరం చెప్పారు. సభ్యులు అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం: ముందు అక్కడ జరిగే పనిని చూద్దాం. నానో నాళికలు ఒకదానినొకటి పట్టుకొని ఉండలు కడతాయి. నీటిలో విడివడని ఆ ఉండలు సిమెంటు ముద్దకు బలమివ్వకపోగా బలహీనమైన చోట్లుగా మిగులుతాయి. అందుకని వాటిని గంధకామ్లం, నత్రికామ్లం కలిపిన మిశ్రమంలో ఉంచుతారు. తయారీలో మిగిలిన లోహపు నలుసులు, నాళికలుగా మారని కర్బనం అందులో చాలావరకు తొలగిపోతాయి. ఇంతవరకు అది అక్షరాలా శుద్ధే. అయితే అదే సమయంలో నాళికల గోడల మీద కార్బాక్సిల్ సమూహాలు (కర్బనం, ఆమ్లజని, ఉదజని పరమాణువులు కలిసిన చిన్న గుంపులు) కొత్తగా ఏర్పడతాయి. నాళికలు నీటిలో విడివడి పరచుకోవడానికీ, సిమెంటులోని కాల్షియంతో పట్టు కుదరడానికీ ఇవే ఆధారం. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో ఇటువంటి నాళికలను సిమెంటు బరువులో 0.5 శాతం కలిపితే, నొక్కుడును తట్టుకునే బలం 19 శాతం, వంపును తట్టుకునే బలం 25 శాతం వరకు పెరిగాయి. తొలగించడమే కాక కొత్తవి చేర్చడమూ జరుగుతున్నది కనుక మీ మిత్రుని అభ్యంతరంలో న్యాయం ఉంది.

అయినా 'శుద్ధి'ని తప్పు మాట అనలేను. విత్తనానికి మందుపొడి పట్టించడాన్ని మన రైతులు 'విత్తన శుద్ధి' అంటున్నారు; అక్కడ కంటికి కనిపించేది పైన చేరిన పూతే. చేయబోయే పనికి తగినట్లు సిద్ధం చేయడమన్న అర్థం ఆ మాటకు పొలంలోనే వచ్చేసింది.

నా మొగ్గు మాత్రం 'సంస్కారం' వైపు. ద్రవ్యంలో మరొక గుణాన్ని నెలకొల్పడమే సంస్కారమని చరక సంహిత నిర్వచించింది: 'సంస్కారో హి గుణాంతరాధానముచ్యతే'. అయితే 'సంస్కారం గల నాళికలు' అని రాస్తే అవి పెద్దలకు నమస్కారం పెడతాయని పాఠకులు అనుకోగలరు కాబట్టి, 'ఆమ్ల సంస్కారం పొందిన నాళికలు' అని విడమరచి రాయడం క్షేమం.

మరొక సభ్యురాలు: చిన్న సవరణ. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే నాళికలు తెగి పొట్టివవుతాయి, గోడలు దెబ్బతింటాయి. మేలును మాత్రమే స్ఫురింపజేసే 'సంస్కారం' ఆ సందర్భానికి ఒదగదు. 'ఆమ్లచర్యకు గురిచేసిన' అంటే రెండింటికీ సరిపోతుంది.

సమాధానం: అంగీకరిస్తున్నాను. ప్రయోగ పద్ధతిని వివరించే చోట మీ మాటే వాడాలి. 'సంస్కారం' శీర్షికకు ఉంచుకోవచ్చు.