కంపెనీ నివేదికలో నడుస్తున్న నీళ్ల ప్లాంటుకు ఊళ్లో తాళం

బత్తాయి రైతు:
మాది మునుగోడు వైపు ఊరు. చౌటుప్పల్ దారిలో ఉన్న ఒక మందుల కంపెనీ సామాజిక బాధ్యత నిధులతో మా బడి పక్కన నీళ్ల శుద్ధి ప్లాంటు పెట్టింది. రెండు ఎండాకాలాలుగా దానికి తాళమే. గోడ మీద కంపెనీ పేరు మాత్రం ఏటా రంగు వేయించుకుంటోంది. మొన్న మా అబ్బాయి కంపెనీ వెబ్‌సైట్‌లో నివేదిక తీసి చదివాడు. మా ఊరి ప్రజలందరూ లబ్ధిదారులేనట! ఈ నివేదికలు ఎవరి కోసం రాస్తున్నారు?

లెక్కల మనిషి:
వాటాదారుల కోసం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. ఆ లెక్కను బోర్డు నివేదికకు జతచేయాలి. ఎంత పెట్టాలి, ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అన్న గడులుంటాయి. ప్లాంటు ఇవాళ నడుస్తోందా అన్న గడి లేదు. లేని గడి నింపలేదని కంపెనీని తప్పుపడితే ఎలా?

పాలమూరు కోడలు:
మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తున్నాయి కదా. ఇంకా ప్లాంటు దేనికి?

బత్తాయి రైతు:
వస్తున్నాయమ్మా. పైపు పగిలిన వారం రావు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయిన మనుషుల మధ్య పెరిగినవాళ్లం, కుళాయి నీళ్లను అంత తొందరగా నమ్మలేం. అయినా అడిగింది అది కాదు. లెక్కల సార్, గడి లేకపోతే అబద్ధం రాయవచ్చా?

లెక్కల మనిషి:
అబద్ధం ఏ వాక్యంలో ఉంది? ప్లాంటు కట్టారు. కట్టిన రోజు మీ ఊళ్లో జనం ఉన్నారు. ఆ అంకె వేశారు.

ఊరూరా తిరిగేవాడు:
ఆ అంకెలు రాసేది మాలాంటి స్వచ్ఛంద సంస్థలవాళ్లం. కంపెనీ ఎక్సెల్ షీటు పంపుతుంది. అందులో లబ్ధిదారులు అన్న చోట జనాభా వేస్తాం. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టడానికి డబ్బు ఎవరిస్తారు? పాలనా ఖర్చులు 5 శాతం దాటకూడదని నిబంధన.

లెక్కల మనిషి:
ఆ 5 శాతం కంపెనీ సొంత పాలనా ఖర్చుకు పెట్టిన పరిమితి. ప్రాజెక్టు పనికి మీరు పెట్టే ఖర్చు అందులోకి రాదు. ఇది చాలామంది కలిపేస్తారు.

ఊరూరా తిరిగేవాడు:
చట్టంలో రాదు. మాకు డబ్బులిచ్చే మేనేజరు మాత్రం అదే నిబంధన చూపించి కోత పెడతాడు.

జడ్చర్ల వాసి:
ఎవరైనా వచ్చి తనిఖీ చేయాలని లేదా?

లెక్కల మనిషి:
ఉంది. 2021 జనవరిలో నిబంధనలు మార్చారు. గత మూడేళ్ల సగటున 10 కోట్లు, ఆపైన ఇలా ఖర్చు పెట్టవలసిన కంపెనీలు, కోటి, ఆపైన వ్యయంతో చేపట్టిన ప్రాజెక్టులను, పూర్తయిన ఏడాది తర్వాత, బయటి సంస్థతో మదింపు చేయించాలి.

బత్తాయి రైతు:
ఊరికొక ప్లాంటుకు కోటి ఎవరు పెడతారు సార్? అంటే మా ఊరికి ఎవరూ రారు. సూటిగా చెప్పవచ్చు కదా.

లెక్కల మనిషి:
సూటిగానే చెప్పాను. మీకు కావలసింది నివేదిక కాదు, మరేదో.

బత్తాయి రైతు:
అవును, మరేదో! కంపెనీ వచ్చాక మా బోరు నీళ్లు వాసన కొడుతున్నాయి. తోటలో కాయ నిలవడం లేదు. గ్రామసభలో అడగబోతే పక్కవాడు చొక్కా పట్టి కూర్చోబెట్టాడు, "ఉన్న ప్లాంటు కూడా పోతుంది, ఊరుకో" అని. నీళ్లు ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో ఆ నివేదికలో ఎక్కడా లేదు. ఇచ్చామన్న ఫొటో మాత్రం నిండు పేజీ. మీరేమో అబద్ధం ఏ వాక్యంలో అని అడుగుతారు.

పాలమూరు కోడలు:
ఇంతసేపూ ఫ్లోరైడ్ అన్నారు!

బత్తాయి రైతు:
రెండూ ఉన్నాయమ్మా. ఫ్లోరైడ్ భూమి ఇచ్చింది. ఈ వాసన ఎవరిచ్చారో తేల్చమనే అడుగుతున్నాను.

లెక్కల మనిషి:
కోపం అర్థమైంది. కానీ కాలుష్యం సంగతి కాలుష్య నియంత్రణ మండలిది. దాన్ని సరిచేయడానికి పెట్టిన ఖర్చును సామాజిక బాధ్యత లెక్కలో చూపించనే కూడదు. రెండూ కలపమంటే రేపు కంపెనీ మురుగు శుద్ధికి పెట్టిన ఖర్చు కూడా సేవ అంటుంది. అది మీకు ఇష్టమేనా?

జడ్చర్ల వాసి:
ఇది మాత్రం నిజం. మా దగ్గర మందుల కంపెనీలున్న పోలేపల్లి వైపువాళ్లను అడగండి, రెండూ కలిపితే ఏమవుతుందో చెబుతారు.

ఊరూరా తిరిగేవాడు:
వేరే నివేదిక ఒకటి ఉంది. లిస్టెడ్ కంపెనీల్లో, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లున్నవాటిలో, మార్కెట్ విలువలో మొదటి 1000 స్థానాల్లో ఉన్నవి 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం దాన్ని ఇస్తున్నాయి. అందులో బయటికి వదిలే నీళ్లు, చుట్టుపక్కల ప్రజల ఫిర్యాదులు కూడా చెప్పాలి. అన్నా, మీ కంపెనీ లిస్టెడా?

బత్తాయి రైతు:
కాదట. షేర్లన్నీ ఇంట్లోవాళ్లవేనట. ఇక వాటాదారుల కోసం రాశారన్న మాటకు అర్థమేముంది? తండ్రి కొడుక్కి రాసుకున్న ఉత్తరం అది.

లెక్కల మనిషి:
అలాగైతే మీ మాటకు బలం ఉంది. చదివేది వాళ్లే, రాసేది వాళ్లే. సరే, ఒక్క విషయం చెప్పండి. ప్లాంటు ఇప్పుడు ఎవరి పేరున ఉంది? ఇలా ఏర్పడిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు. పంచాయతీకి అప్పగించి ఉంటే కరెంటు బిల్లు, ఫిల్టర్లు అన్నీ పంచాయతీవే. నివేదికలో ఆస్తి చిరునామా, పిన్‌కోడు, ఎవరి పేరున ఉందో రాసే పట్టిక ఉంటుంది. అది చూడండి.

బత్తాయి రైతు:
పట్టికలో పంచాయతీ పేరే ఉందని మా అబ్బాయి చెబుతున్నాడు. పంచాయతీలో అడిగితే అప్పగింత కాగితం తమ దగ్గర లేదంటున్నారు. పాత సర్పంచ్ దగ్గర ఉండవచ్చట.

లెక్కల మనిషి:
సమాచార హక్కు దరఖాస్తు పంచాయతీకి పెట్టండి. కంపెనీకి కాదు, అది పని చేయదు.

బత్తాయి రైతు:
పెడతాను. పెట్టింది నేనని ఊళ్లో ఎవరికీ తెలియకుండా పెట్టే వీలుందా?