ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ బట్టలు: ఏది ఉంచుకోవాలి, ఏది వెనక్కి పంపాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 61 కిలోలు. వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. రోజూ వేసుకోవడానికి మంచి బట్టలు ఒకేసారి కొనుక్కుందామని ఒక ఆన్‌లైన్ బ్రాండ్‌లో ఆర్డర్ పెట్టాను. తెల్ల ఆక్స్‌ఫర్డ్ షర్టు, లేత నీలం షర్టు, ఖాకీ చినో ప్యాంటు, ముదురు నీలం జీన్స్, రెండు రౌండ్ నెక్ టీషర్టులు, ఒక పోలో. షర్టులూ టీషర్టులూ ఎం సైజు, ప్యాంట్లు 30 నడుము.

నిన్న వచ్చాయి. బట్ట చాలా బాగుంది, కుట్టు కూడా శుభ్రంగా ఉంది. కానీ వేసుకుంటే అన్నీ వేరే వాళ్ళవి తెచ్చుకున్నట్టు ఉన్నాయి. ప్యాంట్లు నడుము దగ్గర సరిగ్గా సరిపోయాయి, కింద మాత్రం నాలుగు అంగుళాలకి పైనే ఎక్కువ. షర్టు చేతులు బొటనవేలి మొదలు దాకా వస్తున్నాయి. టీషర్టు జేబుల్ని పూర్తిగా కప్పేస్తోంది. సైటులో చూస్తే మోడల్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, వేసుకున్నది ఎం సైజే.

మార్చుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులు టైముంది. షర్టు ఎస్, ప్యాంటు 28 తీసుకుంటే పొడవు తగ్గుతుందా? లేక ఇవే ఉంచుకుని ఆల్టరేషన్ చేయించాలా? మొదటి రోజు ఆఫీసుకి ఇలా వెళ్ళాలంటే చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.

జవాబు (తెనాలి నుంచి)

తమ్ముడూ, నాది 5 అడుగుల 3 అంగుళాలు. పదిహేనేళ్ళుగా ఇదే సమస్యతో బట్టలు కొంటున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. టెన్షన్ పడకు, నీ ఆర్డర్‌లో సగం బట్టలు నీకు పనికొస్తాయి.

ముందు 28 ఆలోచన మానెయ్. చాలా బ్రాండ్లు అన్ని నడుము సైజులకీ ఒకే కాలు పొడవు పెడతాయి. 28 తెప్పిస్తే పొడవు అలాగే ఉంటుంది, నడుమూ తొడలూ మాత్రం పట్టేస్తాయి. షర్టు కథ వేరు. ఎం నుంచి ఎస్‌కి వస్తే పొడవు అర అంగుళం, మహా అయితే ఒక అంగుళం తగ్గుతుంది. పొడవు కోసం సైజు మార్చడం కాదు, భుజం కోసం మార్చాలి. అద్దం ముందు నిలబడి చూడు. భుజం కుట్టు నీ భుజం ఎముక చివర ఆగుతోందా, చేతి మీదకి జారుతోందా? జారుతుంటే ఎస్‌కి మార్చు. భుజం సరిగ్గా ఉంటే ఎం ఉంచుకో.

నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇదే. దర్జీ సరిచేయగలిగేది ఎంత తేడాగా ఉన్నా కొనొచ్చు. సరిచేయలేనిది మాత్రం అర అంగుళం తేడా ఉన్నా కొనకూడదు. షర్టులో భుజం, కాలర్, చంక లోతు మార్చలేం. ప్యాంటులో జిప్పు కింద కుట్టు నుంచి నడుము పట్టీ దాకా ఉండే లోతు మార్చలేం. చేతి పొడవు, పక్కల లూజు, కాలు పొడవు మార్చుకోవచ్చు.

ప్యాంటు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు మోసపోయేది అక్కడే. కింద కత్తిరించి మడత వేయిస్తే అయిపోతుంది అనుకుంటాం. నీ కాలి లోపలి పొడవు, అంటే తొడల మధ్య కుట్టు నుంచి మడమ దాకా, 27 అంగుళాలు ఉంటుందనుకుందాం. ఆ చినో 31 లేదా 32 అంగుళాల కాలికి కుట్టింది. దాని నమూనా గీసినవాళ్ళు మోకాలు ఎక్కడ ఉంటుందో లెక్కేసుకునే కాలిని సన్నం చేశారు. ఆ మోకాలు నీ మోకాలి కంటే దాదాపు రెండు అంగుళాలు కింద పడుతుంది. అందుకే పిక్క దగ్గర బట్ట గుంపుగా నిలబడుతుంది. పైగా ఇప్పటి ప్యాంట్లు కిందకి వెళ్ళేకొద్దీ సన్నబడతాయి. నువ్వు కత్తిరించి పారేసేది సరిగ్గా ఆ సన్నటి భాగమే. బాటం, అంటే కింది అంచు చుట్టుకొలత, 13 అంగుళాలు ఉన్న ప్యాంటు నాలుగున్నర అంగుళాలు కత్తిరించాక దాదాపు పద్నాలుగు అవుతుంది. పొడవు సరిపోయినా చూడ్డానికి గొట్టంలా ఉంటుంది, మనం ఇంకా పొట్టిగా కనిపిస్తాం.

కాబట్టి దర్జీతో "పొడవు తగ్గించండి" అని మాత్రమే చెప్పకు. "మోకాలి నుంచి కిందకి మళ్ళీ సన్నం చేసి, బాటం పాతంతే ఉంచండి" అని చెప్పు. దీనికి లోపలి కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాలి, డబ్బు కాస్త ఎక్కువ తీసుకుంటారు. ఇవ్వు. ఆ తేడా చూస్తే నీకే తెలుస్తుంది.

ఇంకో దారి ఉంది, ఇది చాలామందికి తట్టదు. సైటులో "యాంకిల్ లెంగ్త్" అని ఉండే ప్యాంట్లు చూడు. పొడుగువాళ్ళకి చీలమండ కనిపించేలా కుట్టినవి అవి. లోపలి పొడవు 27, 28 అంగుళాలే ఉంటుంది. మనకి అదే నిండు ప్యాంటు. మొదటి నుంచీ పొట్టి కాలికే గీసింది కాబట్టి మోకాలు కూడా పైనే ఉంటుంది. నా ఆఫీసు ప్యాంట్లు మూడింటిలో రెండు ఇవే, వాటికి కత్తెర పెట్టే పనే పడలేదు. నీ చినో వెనక్కి పంపి ఇది తీసుకోమంటాను.

టీషర్టులు మాత్రం ఎస్ సరిపోతేనే ఉంచుకో, లేకపోతే వెనక్కి పంపెయ్. కారణం దర్జీ పని తెలిసినవాళ్ళు ఇంకా బాగా చెబుతారు.

జవాబు (చీరాల నుంచి, దర్జీ పని చేస్తాను)

పైన తెనాలి వారు చెప్పింది నిజం. నేను ముప్పై ఏళ్ళుగా మిషన్ మీద ఉన్నాను, టీషర్టు సంగతి చెబుతాను.

టీషర్టు అంచు బయట రెండు వరుసల కుట్టు, లోపల అల్లికలా ఉంటుంది. అది వేరే మిషన్ మీద వేసే కుట్టు. బట్టతో పాటు సాగుతుంది. మా వీధి కొట్లలో ఆ మిషన్ ఉండదు. మామూలు మిషన్ మీద మడిచి కుడితే మొదట బాగానే ఉంటుంది, తల మీంచి వేసుకుని లాగిన నాలుగోసారికో ఐదోసారికో దారం పటుక్కున తెగుతుంది. బనీను బట్ట పని చేసేవాళ్ళు దగ్గర్లో ఉంటే వాళ్ళకివ్వండి, లేకపోతే వద్దు. పోలో కూడా అంతే. పోలోకి పక్కన చీలిక ఉంటుంది కాబట్టి ఇంకా కష్టం.

షర్టు చేతుల గురించి. కఫ్, అంటే చేతి చివర బొత్తాం ఉండే పట్టీ, ఊడదీసి, చెయ్యి కత్తిరించి, మళ్ళీ కఫ్ వేస్తాం. ఒక అంగుళం సుఖంగా తగ్గుతుంది, ఒకటిన్నర దాకా పర్లేదు. అంతకు మించితే కఫ్ పైన ఉండే చీలిక బాగా కురచైపోతుంది, చెయ్యి మడవడం ఇబ్బంది అవుతుంది. కఫ్ దగ్గర చెయ్యి వెడల్పు కూడా పెరుగుతుంది కాబట్టి ఒక కుచ్చు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. రెండున్నర అంగుళాలు తగ్గించమని వచ్చేవాళ్ళకి నేను పని తీసుకోకుండా, వేరే సైజు తెచ్చుకోమని చెప్పి పంపేస్తాను.

షర్టు కింది పొడవు తగ్గించడం మాత్రం చాలా తేలిక. గుండ్రటి అంచు అలాగే పైకి గీసి కత్తిరిస్తాం. లోపల దోపుకునే షర్టు అయితే తగ్గించకండి, వంగినప్పుడు పైకి వచ్చేస్తుంది. బయట వదిలేసే షర్టు జిప్పు సగం దాకా రావాలి. అంతకంటే కిందకి వస్తే కాళ్ళు కురచగా కనిపిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఉతక్కుండా ఆల్టరేషన్‌కి ఇవ్వకండి. నూలు బట్ట మొదటి ఉతుకుల్లో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుంటుంది. 31 అంగుళాల కాలికి అది ఒకటి, ఒకటిన్నర అంగుళం. కొత్త జీన్స్ కత్తిరించుకుని వెళ్ళి, ఉతికాక చీలమండల పైకి వచ్చిందని తిరిగొచ్చిన పిల్లలు ఎంతమందో. నాకు చాలా బాధగా ఉంటుంది, కత్తిరించిన బట్టని మళ్ళీ అతికించలేను కదా. రెండుసార్లు ఉతికి, ఆరేసి, అప్పుడు తీసుకురండి. రోజూ వేసుకునే బూట్లు కూడా తెచ్చుకోండి. చెప్పులతో కొలత ఇచ్చి బూట్లతో వేసుకుంటే తేడా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. ఒక చిక్కుంది. ఉతికితే వెనక్కి తీసుకోరు కదా? ఇంకో సందేహం, సైజు చార్టులో ఎస్ ఛాతీ 38 అని ఉంది. నా ఛాతీ టేపుతో కొలిస్తే 37. మరి ఎం ఎందుకంత వదులుగా ఉంది?

జవాబు (తెనాలి నుంచి)

అవును, ఉతికినా కత్తిరించినా ఇక అది నీదే. అందుకే వరుస ముఖ్యం. ముందు ఇంట్లో లేబుల్ తీయకుండా వేసుకుని, మార్చలేని కొలతలు చూడు. కూర్చుని చూడు, చేతులు ముందుకి చాపి చూడు. ప్యాంటు జిప్పు కింద బట్ట వేలాడుతోందా చూడు. వేలాడితే ఏ దర్జీ బాగుచెయ్యలేడు, వెంటనే పంపెయ్. ఇవన్నీ దాటిన బట్టనే ఉతుకు.

చార్టు సంగతి. కొన్ని బ్రాండ్లు ఒంటి కొలత రాస్తాయి, కొన్ని బట్ట కొలత రాస్తాయి. ఒంటి ఛాతీ 38కి కుట్టిన షర్టు, బట్ట కొలతలో 41, 42 ఉంటుంది, ఊపిరి పీల్చుకోవడానికి లూజు వదలాలి కదా. నీ చార్టు ఒంటి కొలతది అయ్యుంటుంది. ఈ గొడవ లేకుండా నేను చేసేది చెబుతాను. నాకు బాగా సరిపోయిన పాత షర్టు ఒకటి, ప్యాంటు ఒకటి మంచం మీద పరిచి కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. భుజం నుంచి భుజానికి, చంక నుంచి చంకకి, వెనక కాలర్ కింద నుంచి అంచు దాకా, చెయ్యి పొడవు. ప్యాంటుకి నడుము, తొడ, ముందు లోతు, లోపలి పొడవు, బాటం. కొత్త బట్ట రాగానే దాన్ని కూడా పరిచి కొలుస్తాను. వేసుకోకముందే సగం విషయం తెలిసిపోతుంది.

జవాబు (డాలస్ నుంచి)

నేను కూడా 5 అడుగుల 5 అంగుళాలే. అమెరికాలో మనలాంటి వాళ్ళ కోసమే కుట్టే ఆన్‌లైన్ బ్రాండ్లు ఉన్నాయి. పీటర్ మానింగ్ న్యూయార్క్ అని ఒకటి, 5 అడుగుల 8 అంగుళాలు, అంతకు తక్కువ ఉన్న మగవాళ్ళకే కుడుతుంది. ఆష్ అండ్ ఎరీ అని ఇంకొకటి. మొదటిసారి అలాంటి షర్టు వేసుకున్నప్పుడు చాలా సేపు అద్దం ముందే ఉండిపోయాను. చేతులు తగ్గించడమే కాదు, జేబు పైకి జరిగింది, చంక పైకి వచ్చింది, చెయ్యెత్తితే షర్టు మొత్తం లేవడం లేదు. అప్పటిదాకా తప్పు నా ఒంటిదే అనుకునేవాణ్ణి.

ఇండియాకి తెప్పించుకుంటే పంపే ఖర్చూ సుంకమూ కలిపి భారమవుతుంది. కాబట్టి కొనమని చెప్పడం లేదు. కానీ ఆ సైట్లలో కొలతలు చూస్తే, మన ఎత్తుకి బట్ట ఎలా ఉండాలో ఒక అంచనా వస్తుంది.

జవాబు (వరంగల్ నుంచి)

తప్పు తన ఒంటిదే అనుకునేవాణ్ణని డాలస్ అన్న చెప్పిన మాట నా మనసుకి తగిలింది. 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లని ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. అంటే 5 అడుగుల 5 అంగుళాలు. ప్రశ్న అడిగిన తమ్ముడు సగటుకి ఒక్క అంగుళమే తక్కువ. మన దేశంలో అమ్ముకునే బ్రాండ్లు ఆరడుగుల మనిషిని కొలతగా పెట్టుకుంటే తప్పు మనది కాదు. ఇన్నాళ్ళూ మన కంపెనీలు అమెరికా, బ్రిటన్ సైజుల్నే కాస్త మార్చి వాడుకుంటున్నాయి. భారతీయుల కొలతలతో సొంత సైజులు తయారు చెయ్యడానికి నిఫ్ట్ (ఫ్యాషన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ) "ఇండియాసైజ్" సర్వే చేపట్టింది. ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో పాతిక వేల మందిని కొలవాలన్నది లక్ష్యం. ఆ ఆరు నగరాల్లో మన హైదరాబాద్ ఒకటి. ఆ కొలతలు బ్రాండ్ల చార్టుల్లోకి వచ్చేదాకా టేపు పట్టుకోక తప్పదు.

నాదొక సలహా. బ్లేజర్ మాత్రం ఆన్‌లైన్‌లో కొనవద్దు. పొడవు ఒక అంగుళం కంటే తగ్గిస్తే జేబులు అంచుకి ఆనుకున్నట్టు కనిపిస్తాయి, బొత్తాం పడే చోటు ఎలాగూ మారదు. దానికి బట్ట కొని కుట్టించుకోండి.

ప్రశ్న అడిగినవారు (ఎనిమిది రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చేశానో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

భుజం కుట్టు చేతి మీదకి అర అంగుళం జారింది, అందుకని రెండు షర్టులూ ఎస్‌కి మార్చాను. ఎస్‌లో భుజం సరిగ్గా కూర్చుంది. చేతులు ఇంకా అంగుళంన్నర ఎక్కువే, చీరాల వారు చెప్పిన హద్దులోనే ఉన్నాయి. రెండుసార్లు ఉతికాక అంగుళమే మిగిలింది! మా వీధి దర్జీ కఫ్ తీసి తగ్గించారు. చినో వెనక్కి పంపి యాంకిల్ లెంగ్త్ తీసుకున్నాను. బూటు మీద చిన్న మడత కూడా పడకుండా సరిగ్గా ఆగింది. పోలో ఎస్ బాగుంది, టీషర్టులు ఎస్‌లో కూడా పొడవే, వాపసు చేసేశాను.

జీన్స్ ఒక్కటే మిగిలింది. లోతు బాగుంది, ఉంచుకున్నాను. కింద ఉన్న రంగు వెలిసిన అంచు పోకుండా తగ్గించొచ్చా?

జవాబు (చీరాల నుంచి)

తగ్గించొచ్చు బాబూ. "అసలు అంచు ఉంచి కుట్టండి" అని చెప్పు. ఆ అంచుని ఊడదీసి, కాలు కత్తిరించి, మళ్ళీ అదే అంచు జోడిస్తారు. జీన్స్ రంగు దారమే వాడమను, అతుకు కనిపించదు. కాకపోతే కాలు కింద మరీ సన్నంగా ఉంటే అంచు చుట్టుకొలతా కత్తిరించిన చోటు చుట్టుకొలతా కలవవు. ముందు రెండూ కొలిపించు. తేడా అర అంగుళం దాటితే లోపలి కుట్టు దగ్గర మోకాలి నుంచి సన్నం చేశాకే అంచు వేయించు. కుట్టాక అతుకు మీద వేడి ఇస్త్రీ గట్టిగా పెట్టించు, అణిగిపోతుంది.