లిబ్రేఆఫీస్ రైటర్‌లో నా పాత మీటల (కీబోర్డు) అమరిక తెచ్చుకోవడం ఎలా?

విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. ఇన్నేళ్లూ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేశాను. ఇప్పుడు అందరూ ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోనే ఫైలు అడుగుతున్నారు కనుక విండోస్‌లో లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత రాత సాఫ్ట్‌వేర్‌కు మారాను.

చిక్కంతా వేళ్లతోనే. పాత అమరికలో వత్తుకు విడిగా మీట ఉండేది. యూనికోడ్ తెలుగుకు విండోస్‌లో ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో 'క్క' రావాలంటే కె, డి, మళ్లీ కె నొక్కాలి. పొల్లు డి మీద ఉందని బుర్రకు తెలుసు, చేతికి ఎక్కడం లేదు. అరగంటలో అయ్యే శుభలేఖకు పూట పడుతోంది. ముహూర్తాల రోజుల్లో ఇది నిజంగా కష్టం.

రైటర్‌లో టూల్స్, కస్టమైజ్, కీబోర్డ్ దాకా వెళ్లి చూశాను. అక్కడ ఆదేశాలకే మీటలు మార్చుకోవచ్చు, అక్షరాలకు కాదు. సొంత మీటల అమరిక తయారుచేసుకునే మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌లో ఒకే మీటకు రెండు మూడు అక్షరాలు ఇవ్వవచ్చట. పొల్లూ 'ర' కలిపి ఒక మీటకు ఇస్తే క్రావడి సరిగా పడుతుందా? ఎవరైనా ఇలా చేసి, రోజూ వాడుతున్నారా?

ఇంకొకటి. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే 'ట' కింద 'వ' వత్తు పడిపోతోంది. 'ట్' తరువాత, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు కోడ్ 200C అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే విడిపోతోంది గానీ, ప్రతిసారీ అంత పని చేయలేను. ఆ గుర్తును కూడా ఒక మీట మీద పెట్టుకోవచ్చా?

తయారుచేసిన అమరిక ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంచుకోండి.