వేడెక్కాక ఫియట్ లాగడం లేదు: తప్పు పెట్రోలుదా, కాయిల్‌దా?

ప్రశ్న వేసినవారు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1990 నాటి ప్రీమియర్ పద్మిని (అందరూ ఫియట్ అనేది, 1089 సీసీ, కార్బొరేటర్ బండి) ఉదయం చక్కగా స్టార్టయి, ఏలూరు నుంచి విజయవాడ వైపు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా వస్తుంది. ఆ తరువాత ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ మొదలై, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం నలభై దాటదు. పక్కన ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట ఆగితే మళ్ళీ మామూలుగా నడుస్తుంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది. ప్లగ్గులు, పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలుపుతూ, తెంచుతూ ఉండే స్విచ్చు), కండెన్సర్ మార్చాము. ప్లగ్గులకు స్పార్క్ కోసం ఎక్కువ వోల్టేజి ఇచ్చే కాయిల్ నిరుడే కొత్తది వేయించాము. ఒక మెకానిక్ వేపర్ లాక్ (వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరై ఇంజనుకు అందకపోవడం) అంటున్నారు, మరొకరు ఇంజను విప్పాలంటున్నారు.

మొదటి సభ్యులు:
ఇది వేపర్ లాకే. తడిగుడ్డతో తగ్గడమే అందుకు రుజువు. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతుంది. పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక ఆ వేడి నేరుగా దానికి చేరుతుంది. పైగా 2022 నాటికి పెట్రోలులో పది శాతానికి చేరిన ఇథనాల్ ఇప్పుడు ఇరవై శాతమయింది. ఇథనాల్ కలిసినప్పుడు పెట్రోలు ఆవిరయ్యే గుణం పెరుగుతుంది, ఈ బండ్లేమో ఆ రోజుల పెట్రోలు కోసం తయారయినవి. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించండి.

రెండవ సభ్యులు:
మిత్రులు చెప్పిన ఇథనాల్ మాట నిజమే. కానీ తడిగుడ్డ రుజువు కాదని నా గట్టి అభిప్రాయం. గుడ్డ వేసిన ఆ అరగంటలో చల్లబడేది పంపు ఒక్కటే కాదు. కాయిల్, డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ అన్నీ చల్లబడతాయి, ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయి ఉంటే లోపల ఏర్పడిన వాక్యూమ్ కూడా ఆ వ్యవధిలో మెల్లగా తగ్గిపోతుంది. అన్ని అనుమానాలూ ఒకేసారి మాయమయ్యే పరీక్ష దేనినీ తేల్చదు. మన ప్రాంతంలో ఎన్నో పంపులు, ఎన్నో కార్బొరేటర్లు అనవసరంగా మారిపోయింది ఈ పొరపాటు వల్లనే.

బండి మొరాయిస్తున్న ఆ నిమిషంలోనే పరీక్షించాలి. మీ బండికి చేతితో లాగే చోక్ ఉంది, అది గొప్ప సౌకర్యం. రోడ్డు ఖాళీగా ఉన్న చోట, మిస్సింగ్ వస్తుండగా, చోక్ కొద్దిగా లాగి చూడండి. పెట్రోలు అందక శక్తి తగ్గుతుంటే చోక్‌తో మిశ్రమం చిక్కబడి ఇంజను కొంతసేపయినా తేరుకుంటుంది. స్పార్క్ బలహీనమయితే మార్పు ఉండదు, లేదా ఇంకా దిగజారుతుంది. తరువాత పక్కన ఆపి, చల్లారనివ్వకుండా ట్యాంకు మూత తీసి, వెంటనే మళ్ళీ నడిపి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే దూరం సర్దుకునే స్పార్క్ టెస్టర్‌తో, కార్బొరేటర్‌కు దూరంగా, వేడి మీదనే స్పార్క్ చూడండి. ఆరు మిల్లీమీటర్ల ఖాళీని నీలిరంగులో చటుక్కున దాటాలి.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు వస్తోందో కూడా ఆలోచించాలి. థ్రాటిల్ తెరిచే కొద్దీ సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. నీరసించిన కాయిల్ చదునైన రోడ్డు మీద నెట్టుకొచ్చినా అక్కడ దొరికిపోతుంది.

మొదటి సభ్యులు:
ఎత్తులో పెట్రోలు కూడా ఎక్కువే కావాలి కదా. పంపు వెనుకబడినా అక్కడే తెలుస్తుంది. పైగా కాయిల్ కొత్తదని వారే రాశారు.

రెండవ సభ్యులు:
మొదటి మాట ఒప్పుకుంటాను, అందుకే చోక్ పరీక్ష అడిగాను. రెండవది మాత్రం ఒప్పుకోలేను. కొత్తదనం వేరు, ఆ బండికి తగినది కావడం వేరు. బజారులో 3 ఓమ్‌ల కాయిళ్ళూ ఉన్నాయి, బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించే విడి భాగంతో) వాడవలసిన 1.5 ఓమ్‌ల కాయిళ్ళూ ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెసిస్టర్ లేని వైరింగుకు రెండవ రకం బిగిస్తే, పాయింట్లు మూసుకున్నప్పుడు 4 ఆంపియర్లకు బదులు 8 ఆంపియర్లు పారి, కాయిల్‌లో పుట్టే వేడి రెట్టింపవుతుంది. ఇరవై కిలోమీటర్ల దాకా బాగుండి ఆపైన చతికిలబడటానికి అది చాలు. వైర్లు విప్పి, చల్లగా ఉన్నప్పుడు రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య మల్టీమీటర్ పెట్టి కొలవండి. పాయింట్లు మాడాయేమో కూడా చూడండి.

ప్రశ్న వేసినవారు:
ఆదివారం మీరు చెప్పినవన్నీ చేశాము. చోక్ లాగితే బండి ఇంకా దగ్గింది. ట్యాంకు మూత తీసినా తేడా లేదు. వేడి మీద స్పార్క్ నారింజరంగులో సన్నగా వచ్చి, ఆరు మిల్లీమీటర్ల దగ్గర సగం సార్లు దాటనే లేదు. కాయిల్ మీద చేయి పెట్టలేకపోయాము. మరునాడు ఉదయం కొలిస్తే 1.6 ఓమ్‌లు చూపించింది, బండిలో రెసిస్టర్ ఎక్కడా లేదు. మూడు నెలల కిందట వేసిన పాయింట్లు అప్పుడే నల్లబడి గుంటలు పడ్డాయి. 3 ఓమ్‌ల కాయిల్, కొత్త పాయింట్లు వేసి నిన్న మధ్యాహ్నం ఎండలో విజయవాడ వెళ్ళి వచ్చాము, ఫ్లైఓవర్లన్నీ టాప్ గేరులోనే ఎక్కింది.

అయితే వేడి మీద ఆపి పది నిమిషాల తరువాత స్టార్ట్ చేస్తే ఇంకా ఆలస్యంగానే అందుకుంటోంది. ఇది మొదటి సభ్యులు చెప్పిన పెట్రోలు ఆవిరి వల్లనేమో అనిపిస్తోంది. ఎలక్ట్రిక్ పంపు దాకా వెళ్ళకుండా, ముందు పంపుకూ ఇంజనుకూ మధ్య ఉన్న ఇన్సులేటర్ ప్యాకింగ్ సరిగా ఉందో లేదో విప్పి చూస్తాను.